చూసేది ఒడ్డు, తిప్పేది ఓడ

చీకటి పడ్డాక కైలాసగిరి మీద నిలబడి చూస్తే విశాఖ సముద్రం మీద ఒక చిన్న ఊరు వెలిసినట్టు ఉంటుంది. రేవులో చోటు కోసం లంగరు వేసుకుని కాచుకున్న ఓడల దీపాలవి. కాసేపు అలాగే చూస్తే వాటిలో ఒకటో రెండో కదులుతున్నాయని తెలుస్తుంది. వాటి మధ్య అక్కడక్కడా మినుకుమినుకుమనేవి వేటకు బయల్దేరిన మరపడవలు. కొండ మీద నుంచి అంతా నిదానంగా, నిశ్శబ్దంగా కనిపిస్తుంది. నిజానికి 15 నాట్ల వేగంతో వచ్చే ఓడ నిమిషానికి సుమారు 460 మీటర్లు దాటేస్తుంది. అలాంటివి రెండు ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరం నిమిషానికి దాదాపు కిలోమీటరు చొప్పున తరిగిపోతుంది. నిండా సరుకున్న పెద్ద ట్యాంకరు ఇంజను ఆపేసి వెనక్కి తిప్పినా ఆగడానికి కొన్ని కిలోమీటర్లు పడుతుంది.

ఫిషింగ్ హార్బర్‌లో ఒక పెద్దవయసు సరంగు నాకు రాత్రిపూట ఓడను చూసే లెక్క చెప్పాడు. "ఓడ దీపాన్ని మన తాడుకి సరిపెట్టి చూసుకోవాల బాబూ. దీపం తాడు దాటి ముందుకెల్తే మన ముందు నుంచి పోతాది. ఎనక్కి జరిగితే ఎనక నుంచి పోతాది. ఉన్నకాడే ఉండి పెద్దదైపోతంటే మాత్రం..." అని చెయ్యి చుక్కాని తిప్పినట్టు తిప్పి ఊరుకున్నాడు. సముద్రంలో ఢీకొనడాన్ని నివారించేందుకు 1972లో చేసి, 1977 జూలై 15 నుంచి అమల్లోకి తెచ్చిన అంతర్జాతీయ నియమాల్లో ఏడోది చెప్పేదీ ఇదే. ఎదుటి ఓడ ఉన్న దిశ మారకుండా దూరం తగ్గుతోందంటే ముప్పు ఉందనే అనుకోవాలి. ఓడకు కుడివైపు పచ్చ దీపం, ఎడమవైపు ఎర్ర దీపం ఉంటాయి. రెండూ ఒకేసారి కనిపించాయంటే దాని ముక్కు మనవైపే ఉన్నట్టు.

రెండు ఓడలున్నచోట ఈ లెక్క చాలు. రోజుకు నాలుగైదు వందల ఓడలు ఇరుకు జలసంధిలోంచి పోతుంటే, వాటికి అడ్డంగా ఫెర్రీలు దాటుతుంటే, నడుమ వలలు వేసే పడవలుంటే ఒక ఓడలోని ఒక మనిషి కళ్లు ఎంతవరకు సరిపోతాయి? సముద్రం మీద రాకపోకల అదుపు అనే ఈ విద్య అంతా ఆ ప్రశ్నలోంచే పుట్టింది. నూట డెబ్బై ఏళ్లుగా దానికి చెప్పుకుంటూ వచ్చిన జవాబులను వరసగా చూస్తే నాకు ఒకటి స్పష్టంగా తోస్తుంది. ఎప్పటికప్పుడు కళ్లను పెంచుకున్నాం. ఆ కళ్లు చూసింది సమయానికి మాటగా మారి, చుక్కాని పట్టిన చేతికి చేరే దారిని మాత్రం అంతగా పట్టించుకోలేదు. ఆ లోటుకు ఎక్కువ మూల్యం చెల్లించేది అందరికంటే చిన్న పడవే.

మొదటి జవాబు దారులు. 1854 సెప్టెంబరు 27న న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర పొగమంచులో ఆర్కిటిక్ అనే అమెరికా ప్రయాణికుల ఓడ, వెస్టా అనే చిన్న ఫ్రెంచి ఆవిరి ఓడ ఢీకొన్నాయి. ఆర్కిటిక్ మునిగి మూడు వందల మందికి పైగా పోయారు. అందులో ప్రయాణిస్తున్న ఆడవాళ్లలో, పిల్లల్లో ఒక్కరూ మిగల్లేదు. మరుసటి ఏడు మాథ్యూ ఫాంటేన్ మౌరీ అనే అమెరికా నౌకాదళ అధికారి ఆవిరి ఓడలు పోవడానికి ఒక దారి, రావడానికి మరో దారి అట్లాంటిక్ పటం మీద గీసి చూపించాడు. పెద్ద ఓడల కంపెనీలన్నీ కలిసి అలాంటి దారులకు ఒప్పుకున్నది 1898లో. పటం మీద గీత గియ్యడం తేలిక, ఆ గీతకు ఓడలను ఒప్పించడం కష్టమని అప్పుడే తేలింది. ఆ కష్టం ఇంకా తీరలేదు.

తర్వాత రాడార్ వచ్చింది. ఇక మంచులోనూ చీకట్లోనూ కనిపిస్తుంది కాబట్టి ఢీకొనడాలు ఆగిపోతాయని చాలామంది నమ్మారు. 1956 జూలై 25 రాత్రి అమెరికా తీరాన నాన్‌టకెట్ దగ్గర ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా, స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ ఒకదాన్నొకటి రాడార్ తెర మీద చూసుకుంటూనే ఢీకొన్నాయి. కుడివైపులు ఎదురెదురుగా దాటిపోతాయని ఒకరు, ఎడమవైపులు దాటిపోతాయని మరొకరు అనుకున్నారు. 51 మంది చనిపోయారు. రెండు ఓడలూ ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకోలేదు. అరకొర సమాచారంతో, ముఖ్యంగా రాడార్ ఇచ్చే అరకొర సమాచారంతో, ఊహలకు పోవద్దని ఏడో నియమంలో ప్రత్యేకంగా రాయడం వెనక ఇలాంటి అనుభవాలున్నాయి.

ఈ కథలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు డోవర్ జలసంధి. ఇంగ్లండుకూ ఫ్రాన్స్‌కూ మధ్య ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పు. ఉత్తర ఐరోపా రేవులకు పోయే ఓడల్లో ఎక్కువ భాగం దీన్ని దాటాల్సిందే. 1967లో ఇక్కడ సముద్రాన్ని రోడ్డులా విడదీశారు. నైరుతికి పోయేవి ఇంగ్లండు వైపు, ఈశాన్యానికి పోయేవి ఫ్రాన్స్ వైపు, నడుమ ఎవరూ నడవకూడని పట్టీ. ట్రాఫిక్ సెపరేషన్ స్కీమ్ అనే ఈ ఏర్పాటుకు అంతర్జాతీయ ఆమోదం దొరికిన మొదటి చోటు ఇదే. అయితే అప్పట్లో పాటించాలా వద్దా అన్నది ఓడ ఇష్టం.

1971 జనవరి 11న పెరూ దేశపు సరుకు ఓడ పరాకాస్ ఇంగ్లండు వైపు దారిలో ఎదురుగా వస్తూ టెక్సాకో కరిబియన్ అనే ట్యాంకరును గుద్దింది. ట్యాంకరు పేలి రెండు ముక్కలై మునిగింది, ఎనిమిది మంది పోయారు. మర్నాడు తెల్లవారకముందే జర్మనీ ఓడ బ్రాండెన్‌బర్గ్ ఆ శిథిలాన్ని గుద్దుకుని మునిగింది, 21 మంది పోయారు. ఆ తర్వాత అక్కడ దీపాల ఓడలు నిలిపారు, బోయాలు కట్టారు, రేడియోలో హెచ్చరికలు చేస్తూనే ఉన్నారు. అయినా ఫిబ్రవరి 27న గ్రీసు ఓడ నికీ నేరుగా వాటి మధ్యలోకే వచ్చి శిథిలాల మీద మునిగింది. అందులోని 22 మందిలో ఒక్కరూ దక్కలేదు.

ఒక ఓడ ఎదురు దారి పట్టినందుకు ఆరేడు వారాల్లో యాభై ఒక్క ప్రాణాలు పోయాయి. దారిని పాటించడం ఐచ్ఛికం కాదని, తప్పనిసరి అని ప్రపంచం ఒప్పుకోవడానికి అంతమంది పోవాల్సి వచ్చింది. 1972 నియమాల్లో పదోది ఈ దారుల గురించే చెబుతుంది. నీ దారిలో సాగే దిశలోనే పో. అడ్డంగా దాటాల్సి వస్తే లంబకోణంలో దాటు, అంటే వీలైనంత త్వరగా దాటెయ్యి, దాటుతున్నావని ఎదుటివాడికి తేటగా కనిపించేలా దాటు. 1972లోనే డోవర్ దగ్గర ఒడ్డు నుంచి రాడార్‌తో ఓడలను గమనించి రేడియోలో సమాచారం చెప్పే కేంద్రం మొదలైంది. ఇటు డోవర్‌లో బ్రిటిషు కోస్ట్‌గార్డు, అటు గ్రినేలో ఫ్రెంచివాళ్లు. ఎదురొచ్చే ఓడలు రాడార్ మీద చుక్కలుగా కనిపించేవి. ఏ ఓడో పేరు తెలిసేది కాదు. దగ్గరికెళ్లి పేరు చదవడానికి విమానం పంపాల్సి వచ్చేది.

ఫలితం మాత్రం వచ్చింది. 1956 నుంచి 1960 దాకా ఐదేళ్లలో డోవర్ జలసంధిలో 60 ఓడలు ఢీకొన్న సంఘటనలు జరిగితే, ఇరవై ఏళ్ల తర్వాతి ఐదేళ్లలో 16 మాత్రమే జరిగాయి. ఈలోగా ఓడలు పెరిగాయి, వాటి సైజూ పెరిగింది. దారులు పని చేస్తాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అలాగని అక్కడితో అయిపోలేదు. 2002 డిసెంబరు 14న మంచులో ట్రైకలర్ అనే ఓడ కరీబా అనే కంటైనరు ఓడతో ఢీకొని మునిగింది. అందులో 2,862 కొత్త కార్లున్నాయి. మనుషులందరూ బతికారు. పక్కకు ఒరిగిన ఆ శిథిలం సముద్రమట్టానికి దగ్గరగానే ఉండిపోయింది. చుట్టూ బోయాలు, కాపలాకు ఓడ, రేడియోలో హెచ్చరికలు. రెండు రోజులకే నికోలా అనే ఓడ దాని మీదికి ఎక్కేసింది. 2003 జనవరి 1న 70 వేల టన్నుల డీజిలుతో వస్తున్న విక్కీ అనే ట్యాంకరు దాన్ని గుద్దింది. 1971 తర్వాత మూడు దశాబ్దాలు గడిచాయి, కళ్లూ పరికరాలూ పదింతలయ్యాయి. అయినా హెచ్చరిక గాల్లో ఉంది కానీ ఆ ఓడను నడిపే మనిషి బుర్రలోకి చేరలేదు. ఇలాంటి శిథిలాల కోసమే తర్వాత నీలం, పసుపు నిలువు చారల ప్రత్యేక బోయాను ప్రవేశపెట్టారు. అదీ మళ్లీ కంటికి సంబంధించిన మందే.

రెండో జవాబు ఒడ్డు గొంతు. 1948లో లివర్‌పూల్ రేవు ఒడ్డున రాడార్ పెట్టి, మంచులో వచ్చే ఓడలకు రేడియోలో దారి పరిస్థితి చెప్పడం మొదలుపెట్టింది. అదే పెరిగి పెరిగి నేడు ప్రపంచమంతటా వెస్సెల్ ట్రాఫిక్ సర్వీస్ అనే పేరుతో, అందరి నోటా వీటీఎస్‌గా, నడుస్తోంది. దీన్ని విమానాశ్రయంలోని కంట్రోల్ టవరుతో పోల్చడం మామూలే. నా దృష్టిలో ఆ పోలికే జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. టవరు చెప్పినట్టు విమానం దిగుతుంది, లేస్తుంది. ఓడ విషయంలో తుది మాట ఎప్పుడూ కెప్టెన్‌దే. వీటీఎస్ ఆదేశం ఇచ్చినా ఫలితమే చెబుతుంది, ఎలా చెయ్యాలో చెప్పదు. 'కాలువలోకి రావద్దు' అంటుంది, 'చుక్కాని ఇరవై డిగ్రీలు కుడికి తిప్పు' అనదు. ఒడ్డున కూర్చున్న మనిషికి ఆ ఓడ బరువు, దాని ఇంజను నడత, అక్కడి గాలి తెలియవు కాబట్టి ఇది న్యాయమే. వీటీఎస్‌కు అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదట 1985లో వచ్చాయి. 1997లోనూ 2021లోనూ వాటిని తిరగరాశారు. ఎన్ని సార్లు రాసినా ఈ గీత చెరగలేదు.

ఆ గీత దగ్గర ఏం జరుగుతుందో 2007 నవంబరు 7 ఉదయం శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో కనిపించింది. దట్టమైన మంచు. కాస్కో బుసాన్ అనే కంటైనరు ఓడ, ఆ నీళ్లు తెలిసిన స్థానిక పైలటు నడిపిస్తుండగా, బే బ్రిడ్జి కింద నుంచి బయటికి పోవాలి. ఒడ్డు మీది వీటీఎస్ ఆపరేటరుకు తెర మీద ఆ ఓడ తిరగవలసినంత తిరగలేదని, వంతెనకు దాదాపు సమాంతరంగా పోతోందని కనిపించింది. రేడియోలో పైలటును పిలిచి, మీ దిశ ఇలా కనిపిస్తోంది, మీ ఉద్దేశం ఏమిటి అని అడిగాడు. తిప్పుతున్నానని, అనుకున్న ఖానా కిందుగానే పోతున్నానని పైలటు చెప్పాడు. ఆపరేటరు మౌనం వహించాడు. ఆ తర్వాత ఓడ వంతెన స్తంభం రక్షణ కట్టును రాసుకుంటూ పోయింది. పక్కన చీలిక పడి 53,500 గ్యాలన్ల ఇంధనం, అంటే రెండు లక్షల లీటర్లకు పైగా, అఖాతంలో కలిసింది. పక్షులు వేల సంఖ్యలో చచ్చాయి.

ఆ ఆపరేటరు చూడాల్సింది చూశాడు. అడగాల్సింది అడిగాడు. జవాబు తన తెర చెప్పేదానికి కుదరకపోయినా, ఇంకో మాట అనే ముందు ఆగిపోయాడు. మంచులో పైలటు తలమునకలై ఉన్నప్పుడు పదేపదే పిలిస్తే అతని ధ్యాస చెదురుతుందనే భయమూ ఉంటుంది. అది కొట్టిపారేసే భయం కాదు. కానీ 'ప్రశ్న'కూ 'హెచ్చరిక'కూ తేడా ఉంది. అందుకే రేడియోలో ప్రతి మాట ముందూ అది సమాచారమా, హెచ్చరికా, సలహానా, ఆదేశమా అని ముందుగా చెప్పే పద్ధతి ఉంది. 'హెచ్చరిక' అన్న ఒక్క మాట ఆ ఉదయం పైలటు చెవిన పడి ఉంటే అతను తన లెక్క మరోసారి చూసుకుని ఉండేవాడని నా నమ్మకం.

ఇంకో చిక్కు చట్టానిది. మలక్కా, సింగపూర్ జలసంధుల్లో దారుల విభజనను 1977లో ఆమోదించి 1981 నుంచి అమలు చేస్తున్నారు. ఏడాదికి దాదాపు 90 వేల పెద్ద ఓడలు పోతాయి. ఫిలిప్స్ ఛానెల్ దగ్గర వెడల్పు మూడు కిలోమీటర్లు కూడా లేదు. లోతు తక్కువ కాబట్టి పెద్ద ట్యాంకర్లకు అడుగున కనీసం 3.5 మీటర్ల నీళ్లు మిగలాలని నియమం. 1998 డిసెంబరు 1 నుంచి ఓడలు తమ పేరు, చోటు, సరుకు రేడియోలో చెప్పి తీరాలి. ఇంత చేసినా ఒడ్డు దేశాలు పైలటును ఎక్కించుకోమని బలవంతపెట్టలేవు, దారి సుంకం వసూలు చెయ్యలేవు. అంతర్జాతీయ జలసంధిలో ఆటంకం లేకుండా దాటిపోయే హక్కు 1982 సముద్ర చట్టం అందరికీ ఇచ్చింది. 2017 ఆగస్టు 21న తెల్లవారుజామున ఆ దారిలోకి ప్రవేశిస్తూ అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్, ఆల్నిక్ ఎంసీ అనే ట్యాంకరు ముందుకు తిరిగింది. చుక్కాని అధికారం ఏ మీట దగ్గరుందో యుద్ధనౌక సిబ్బందికే అయోమయం. పది మంది నావికులు చనిపోయారు.

ఇస్తాంబుల్ నగరం నడుమ పోయే బోస్ఫరస్ ఇంకా ఇరుకు. సన్నని చోట 700 మీటర్లే. 1979 నవంబరు 15న రొమేనియా ట్యాంకరు ఇండిపెండెంటా గ్రీసు ఓడతో ఢీకొని వారాల తరబడి కాలింది, 43 మంది పోయారు. 1994 మార్చిలో నాసియా అనే ట్యాంకరుతో మళ్లీ అదే. ఆ జూలైలో దారులు విభజించారు, 2003 చివరికి వీటీఎస్ వచ్చింది. 1936 నాటి మాంట్రూ ఒప్పందం వల్ల టర్కీ కూడా పైలటును తప్పనిసరి చెయ్యలేదు. కానీ చాలా పెద్ద ఓడ వస్తే ఎదురు రాకపోకలు ఆపేస్తుంది. నగరం ముంగిట్లో ఇన్ని వేల ఓడలు పోతుంటే ఆ మాత్రం పట్టుదల లేకపోతే ఎలా?

మన తీరానికి వద్దాం. 2010 ఆగస్టు 7న ముంబై రేవు ముఖద్వారంలో ఎంఎస్‌సీ చిత్రా, ఖలీజియా-3 ఢీకొన్నాయి. జవహర్‌లాల్ నెహ్రూ రేవు నుంచి బయటికి పోయేది ఒకటి, ముంబై రేవులోకి వచ్చేది మరొకటి. రెండు రేవులకూ సముద్రంలోకి పోయే కాలువ ఒకటే. చిత్రా ఒరిగి, కంటైనర్లు వందల్లో నీళ్లలో పడ్డాయి. కొన్నింట్లో పురుగుమందులు. తేలేవి తేలుతూ, మునిగినవి ఎక్కడున్నాయో తెలియక, దేశంలోకెల్లా రద్దీ అయిన ఆ ద్వారం కొన్ని రోజులు మూతపడింది. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర కామరాజర్ రేవు బయట బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం ఢీకొన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిక్కటి నూనెను జనం బకెట్లతో ఎత్తిపోసిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రెండూ నడిసముద్రంలో జరగలేదు. రేవు గుమ్మంలో, అన్ని కళ్లూ ఉన్నచోటే జరిగాయి.

మంచి పనులూ జరిగాయి. కాండ్లా, ముంద్రా, సిక్కా, వాడినార్ రేవులున్న కచ్ సింధుశాఖలో ముడిచమురు ట్యాంకర్ల రాకపోకలు ఎక్కువ. అక్కడ లైట్‌హౌసుల శాఖ మొత్తం సింధుశాఖకు ఒకే వీటీఎస్ నడుపుతోంది. ఏ రేవుకు ఆ రేవు కాకుండా నీటిని బట్టి కాపలా ఉండాలన్న ఆలోచన సరైనది. తూర్పు తీరంలోనూ రేవులు దగ్గరదగ్గరగా పెరుగుతున్నాయి కాబట్టి మనమూ అలా ఆలోచించాలి. 2020 ఆగస్టు 1 నుంచి నైరుతి తీరాన వాణిజ్య ఓడల దారిని వేట జరిగే నీళ్ల నుంచి వేరు చేశారు. దారిని జరపవచ్చు, అది రాయి మీద గీసిన గీత కాదు. శ్రీలంక దక్షిణాన నీలి తిమింగలాలు తిరిగే చోటు నుంచి 2022లో ఎంఎస్‌సీ కంపెనీ తన ఓడలను సుమారు 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరుపుకుంది కూడా.

ఇక వేటగాళ్ల సంగతి. దీని కోసమే ఇంత దూరం వచ్చాను.

2004 చివరి నుంచి అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు దాటిన ఓడలన్నిటికీ ఏఐఎస్ తప్పనిసరి. ఓడ పేరు, చోటు, వేగం, దిశ తానే ప్రసారం చేసుకునే పరికరం అది. డోవర్‌లో పేరు చదవడానికి విమానం పంపే అవసరం దానితో తీరిపోయింది. కానీ అలవాటు ఎలా తయారైందంటే, తెర మీద పేరుతో కనిపించేదే ఓడ, కనిపించనిది లేనట్టే. ఫైబరు పడవ, కర్ర పడవ రాడార్ కిరణాన్ని గట్టిగా తిప్పికొట్టవు. కెరటాల గజిబిజిలో ఆ చుక్క కలిసిపోతుంది. 2012 మార్చి 1న కేరళ తీరాన ప్రభుదయ అనే సరుకు ఓడ ఒక వేటపడవను గుద్ది పోయింది, ఐదుగురు చనిపోయారు. పెద్ద ఓడల లెక్కలో అది చిన్న సంఘటన. ఆ ఇళ్లలో కాదు.

చట్టం దగ్గరా ఇక్కడ మెలిక ఉంది. మామూలు నీళ్లలో వల వేసి ఉన్న పడవకు ఇంజను ఓడ దారి ఇవ్వాలి. విభజించిన దారిలోకి వచ్చేసరికి, దారి వెంట పోయే ఓడకు వేటపడవ ఆటంకం కాకూడదు. దాన్ని 'ఓడదే హక్కు' అని చదివే అధికారులున్నారు. అది తప్పు చదువు. ఆటంకం కాకూడదన్నంత మాత్రాన, ఢీకొనే ముప్పు వచ్చినప్పుడు ఆ ఓడ తప్పుకోవలసిన బాధ్యత నుంచి బయటపడదని ఆ నియమాల్లోనే ఉంది.

పరికరాలకూ జబ్బు చేస్తుంది. 2025 జూన్ 17న హోర్ముజ్ జలసంధి దగ్గర ఫ్రంట్ ఈగిల్, ఆడలిన్ అనే రెండు ట్యాంకర్లు ఢీకొన్నాయి. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో జీపీఎస్ సంకేతాలు చెడగొడుతుంటే తెర మీద ఓడలు లేనిచోట ఉన్నట్టు కనిపించేవి. తెరను మాత్రమే నమ్మిన కన్ను అప్పుడు గుడ్డిది. అదే ఏడు మార్చి 10న ఉత్తర సముద్రంలో లంగరు వేసి నిలబడ్డ స్టెనా ఇమాక్యులేట్ అనే ట్యాంకరును సోలోంగ్ అనే ఓడ నేరుగా వచ్చి గుద్దింది. ఆ రెండు ఓడల్లోనూ బయటికి చూడడానికని ప్రత్యేకించి మనిషి లేడని దర్యాప్తు తొలి నివేదిక చెప్పింది.

మన దగ్గర లక్ష వేటపడవలకు ఉపగ్రహం ద్వారా పనిచేసే ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. తుపాను కబురు పడవకు చేరడానికి, ఆపద కబురు ఒడ్డుకు చేరడానికి అది మేలైన సాధనం. ఎదురుగా వచ్చే ఓడ నడిపే గదిలో ఆ పడవ కనిపించడం వేరే సంగతి. దానికీ ఏర్పాటు కావాలి. దాని కంటే ముందు మాట కావాలి. ఓడల రేడియో భాష ఇంగ్లీషు. 2001లో దానికి ప్రామాణిక వాక్యాలు కూడా కట్టి పెట్టారు. ఓడలోని ఫిలిప్పీన్స్ అధికారి రేడియో 16వ ఛానెల్లో ఆ వాక్యాలు ఎంత శుద్ధంగా పలికినా, భీమిలి నుంచి వచ్చిన పడవలో వినేవాడికి అందులో తన పడవ పేరు కూడా ఉండదు, 'నీలం రంగు పడవా' అనే పిలుపూ ఉండదు. గంగవరం, విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో రాడార్ చూసే గదిలో ప్రతి షిఫ్టులోనూ వేటగాళ్ల మాట తెలిసిన మనిషి ఒకరుండాలని, ఆ మనిషి పిలుపు అందుకునే రేడియో ప్రతి మరపడవలోనూ ఉండాలని నేను గట్టిగా అడుగుతున్నాను. దీనికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు.

ఆ సరంగును నేను ఆ మాటా అడిగాను, ఓడ దీపం కదలకుండా పెద్దదవుతుంటే ఏం చేస్తావని. టార్చిలైటు వాళ్ల గది అద్దాల మీదికి కొడతామన్నాడు. వల కోసుకుని పక్కకు లాగేస్తామన్నాడు. రేడియో ఉంది కదా అంటే, "ఉంది బాబూ, పిలుస్తాం. ఎవరూ పలకరు" అన్నాడు.